కంప్యూటర్ కోటలకు దొడ్డిదారులు

2020 మార్చి 24వ తేదీ రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి నరేంద్ర మోదీ దేశవ్యాప్తంగా లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు ప్రజలు బియ్యం, పప్పుల కోసం దుకాణాలకు పరుగులు తీశారు. అదే సమయంలో బెంగుళూరు, హైదరాబాద్, పుణె, చెన్నై నగరాలలోని సాఫ్ట్‌వేర్ సంస్థల యాజమాన్యాలను మరొక సమస్య కలవరపరిచింది. నలభై లక్షల మందికి పైగా ఉపాధి కల్పిస్తున్న ఈ పరిశ్రమలో చాలామంది చేసే పని తమ ఎదుట ఉన్న కంప్యూటర్‌పై కాదు. అమెరికాలోనో, బ్రిటన్‌లోనో ఉన్న ఖాతాదారు కంపెనీ కంప్యూటర్‌పై. కార్యాలయానికి తాళం పడితే ఉద్యోగి ఇంటికి వెళ్ళగలడు గాని, ఆ కంప్యూటర్‌ను తాకే అనుమతి అతని వెంట ఇంటికి వెళ్ళదు. విదేశీ బ్యాంకు కంప్యూటర్ల కాపలాదారుకు తెలిసినది మాదాపూర్‌లోని ఫలానా భవనం చిరునామా మాత్రమే. పాలకొల్లులోని పెంకుటింటి చిరునామా అతనికి తెలియదు.

ఆ కాపలాదారు పేరే ఫైర్‌వాల్. సుదూరాన ఉన్న కంప్యూటర్‌ను ఇక్కడి నుంచి నడిపించే పద్ధతిని రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. ఈ రెండింటి మధ్య జరిగే పెనుగులాట సాంకేతిక నిపుణుల గదులలోనే ముగిసిపోయేది కాదు. దేశానికి విదేశీ మారకద్రవ్యం ఆర్జించిపెట్టే ఒక ప్రధాన పరిశ్రమ దానిపై ఆధారపడి ఉంది. బ్యాంకులో డబ్బు దాచుకున్న సామాన్యుడి క్షేమం కూడా కొంతవరకు దానితో ముడిపడి ఉంది.

నిప్పు దాటని గోడ

తాటాకు ఇళ్ళ వాడలో ఒక కొంపకు నిప్పంటుకుంటే వరుసగా అన్నీ తగలబడతాయన్నది మన పల్లెలకు తెలియని విషయం కాదు. నిప్పు ఒక భవనం నుంచి మరొక భవనానికి పాకకుండా మధ్య కట్టే మందపాటి గోడను ఇంగ్లీషువారు ఫైర్‌వాల్ అన్నారు. కంప్యూటర్ల లోకంలో ఆ నిప్పు తొలిసారి పెద్దయెత్తున అంటుకున్నది 1988 నవంబర్ 2న. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన చిన్న ప్రోగ్రామ్ ఒకటి తనంతట తాను ఒక కంప్యూటర్ నుంచి మరొక కంప్యూటర్‌కు పాకింది. అప్పటి ఇంటర్నెట్‌లో ఉన్నవి సుమారు 60 వేల యంత్రాలు కాగా, వాటిలో పదో వంతు స్తంభించి ఉంటాయని అంచనా. అప్పటివరకు తలుపులు బార్లా తెరిచి ఉంచడమే మర్యాద అనుకున్న విశ్వవిద్యాలయాలు, కంపెనీలు ఆ తర్వాత గోడలు కట్టుకోనారంభించాయి.

ఈ గోడ పనితీరు అర్థం కావాలంటే ఒక సంగతి తెలియాలి. ప్రతి కంప్యూటర్‌కు 65,535 వరకు అంకెలు వేసిన ద్వారాలున్నట్టు ఊహించుకోవచ్చు. వాటిని పోర్టులంటారు. అవి నిజమైన ద్వారాలు కావు. వచ్చే సమాచారం ఏ పనికి ఉద్దేశించినదో చెప్పే గుర్తులు. మామూలు వెబ్‌సైట్లకు 80, రహస్య లిపిలో నడిచే వెబ్‌సైట్లకు 443, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌కు 3389 కేటాయించారు. ఏ అంకెపై, ఏ చిరునామా నుంచి, ఏ దిశలో వచ్చిన సమాచారాన్ని అనుమతించాలో ఫైర్‌వాల్‌కు ముందుగా ఒక జాబితా రాసి ఇస్తారు. జాబితాలో లేనిది గోడ దగ్గరే ఆగిపోతుంది. ఎందుకు ఆగిపోయిందన్న సమాధానం కూడా చాలాసార్లు తిరిగి రాదు. అవతలివాడు పలకని టెలిఫోన్‌లా ఉంటుంది వ్యవహారం.

పెద్ద కంపెనీల నియమం స్థూలంగా ఒక్కటే: లోపలివారు బయటికి చూడవచ్చు, బయటివారు లోపలికి రాకూడదు. కట్టుదిట్టమైన చోట్ల లోపలివారికి సైతం 443 ఒక్కటే తెరిచి ఉంటుంది. అది కూడా ప్రాక్సీ అనే మధ్యవర్తి ద్వారా, ఎవరు ఎక్కడికి వెళ్ళారో నమోదయ్యే విధంగా.

ఎడ్లబండి మీది యాంటెన్నా

రిమోట్ డెస్క్‌టాప్ సూత్రం తేలికైనది. ఇక్కడ మీట నొక్కితే ఆ నొక్కుడు సముద్రాలు దాటి అక్కడి కంప్యూటర్‌కు చేరుతుంది. అక్కడి తెర మీద కనిపించే బొమ్మ తిరిగి ఇక్కడి తెరకు వస్తుంది. ఫైళ్ళు మాత్రం అక్కడే ఉంటాయి. బొమ్మలు రావడమే తప్ప సమాచారం గడప దాటదు. విదేశీ బ్యాంకులు, బీమా కంపెనీలు ఈ ఏర్పాటుకు మొగ్గు చూపడానికి కారణం ఇదే. బొమ్మనైనా ఫోటో తీయవచ్చు గదా అన్న అనుమానంతో, ఆ ఖాతాదారుల పని జరిగే గదులలోకి సెల్‌ఫోన్లు, పెన్‌డ్రైవ్‌లు, చివరకు కాగితం, కలం కూడా అనుమతించని సంస్థలున్నాయి.

భారతదేశానికి ఈ విద్య కొత్త కాదు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ బెంగుళూరులో చిప్ డిజైన్ కేంద్రం స్థాపించి, అమెరికాలోని తన కంప్యూటర్లతో ఉపగ్రహం ద్వారా నేరుగా అనుసంధానం పొందింది. ఆ కేంద్రానికి ఉపగ్రహ పరికరాలను ఎడ్లబండి మీద చేరవేశారన్న కథనం పరిశ్రమలో నేటికీ చెప్పుకుంటారు. 1991లో కేంద్ర ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను ఏర్పాటు చేసి ఈ సదుపాయాన్ని చిన్న కంపెనీలకు సైతం అందుబాటులోకి తెచ్చింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్‌ను ప్రజల చెంతకు తెచ్చేనాటికే ఈ పార్కులలోని ఇంజనీర్లు సాయంత్రం పూట న్యూయార్క్ కంప్యూటర్ల మీద పనిచేయడం మొదలుపెట్టారు. శతాబ్దాంతంలో వైటూకే భయం పట్టుకున్నప్పుడు పాశ్చాత్య దేశాల పాత కంప్యూటర్లలోని తేదీలను సరిదిద్దే పనిలో గణనీయమైన భాగం ఈ తీగల మీదుగానే మన దేశానికి చేరింది. వీసాలు, విమాన ఛార్జీల ఖర్చు తప్పింది గనుక ఉభయులకూ లాభమే.

ఆ రోజుల్లో సంస్థకు, ఖాతాదారుకు మధ్య ప్రత్యేకమైన లైను ఉండేది. అద్దెకు తీసుకున్న ఆ లైనులోకి మూడో మనిషి వచ్చే ప్రసక్తి లేదు. విండోస్ కంప్యూటర్ల విషయానికి వస్తే, 1995లో సిట్రిక్స్ సంస్థ తెచ్చిన విన్‌ఫ్రేమ్, 1998లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఎన్‌టీ టెర్మినల్ సర్వర్ ఒకే యంత్రాన్ని అనేకులు దూరం నుంచి వాడుకునే వీలు కల్పించాయి. 2001లో వచ్చిన ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌తో రిమోట్ డెస్క్‌టాప్ మామూలు ఉద్యోగి బల్ల మీదికి వచ్చేసింది. చిక్కు కూడా అక్కడే మొదలైంది. ప్రైవేటు లైనులో నడవడానికి పుట్టిన పద్ధతిని బజారులాంటి ఇంటర్నెట్ మీద నడపవలసి వచ్చింది.

గోడ కింద సొరంగం

అర్ధరాత్రి వేళ ఖాతాదారు సర్వర్ మొరాయించిందనుకుందాం. తెల్లవారేసరికి సరిచేయకపోతే ఒప్పందం ప్రకారం కంపెనీ జరిమానా చెల్లించాలి. ఇంజనీరు చేతిలో పాస్‌వర్డ్ ఉంది, పని తెలుసు, బాధ్యత ఉంది. లేనిదల్లా 3389 అనే ద్వారం. దానిని తెరవమని కోరాలంటే దరఖాస్తు పెట్టాలి. దానిపై మేనేజర్ సంతకం, భద్రతా విభాగం పరిశీలన, ఆపైన వారానికొకసారి మార్పులు చేసే రోజు వచ్చేదాకా నిరీక్షణ. కొన్ని సంస్థలలో ఈ తతంగం వారాల తరబడి సాగుతుంది. సర్కారీ కార్యాలయాల ఎర్రటేపు గురించి పరిహసించే ప్రైవేటు రంగం ఈ విషయంలో వాటికేమీ తీసిపోదు.

ఇటువంటి పరిస్థితులలోనే దొడ్డిదారులు పుట్టుకొచ్చాయి. అన్నిటికంటే పాతది మారువేషం. 3389 మూసి ఉండి 443 తెరిచి ఉన్నప్పుడు, అవతలి కంప్యూటర్‌ను 443 మీదనే వినమని చెబితే సరిపోతుంది. పోర్టు సంఖ్యను మాత్రమే చూసే పాత తరహా ఫైర్‌వాల్ దానిని వెబ్‌సైట్ అనుకుని వదిలిపెట్టేది. నేటి ఫైర్‌వాల్‌లు అంత అమాయకమైనవి కావు. సంచీ మీది చిరునామాతో సరిపెట్టుకోకుండా సంచీ విప్పి చూస్తాయి. మాట్లాడే భాష వెబ్‌సైట్ భాష కాదని గ్రహించగానే తెంపివేస్తాయి.

రెండవది సొరంగం. 1995లో ఫిన్లాండ్‌లో తమ విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌పై పాస్‌వర్డ్‌ల దొంగతనం జరగడంతో తాతు యులొనెన్ అనే పరిశోధకుడు ఎస్‌ఎస్‌హెచ్ అనే రక్షిత మార్గాన్ని రూపొందించాడు. దొంగల బారి నుంచి కాపాడటానికి పుట్టిన ఈ మార్గంలో మరే ఇతర సంభాషణనైనా దూర్చి పంపవచ్చు. బయటి నుంచి చూసేవారికి రహస్య లిపి తప్ప లోపల ఏముందో తెలియదు. వెబ్ ప్రాక్సీలకు సైతం ఇదే బలహీనత ఉంది. రహస్య లిపిలోని వెబ్‌సైట్లకు దారి ఇవ్వడం కోసం 'కనెక్ట్' అనే ఆజ్ఞను ప్రాక్సీ మన్నించక తప్పదు. ఆ ఆజ్ఞతో ఒకసారి దారి తెరుచుకున్నాక అందులో నడిచేది వెబ్‌సైటా, మరొకటా అన్నది ప్రాక్సీకి తెలియదు. తెలుసుకోవాలంటే ఉత్తరాలను మధ్యలో విప్పి, చదివి, తిరిగి అంటించే యంత్రాలను పెట్టాలి. చాలా బ్యాంకులు ఇప్పుడు అదే చేస్తున్నాయి. ఉద్యోగి తన సొంత బ్యాంకు ఖాతా చూసుకున్నా ఆ యంత్రం కళ్ళ ముందు నుంచే పోతుందన్న ఆక్షేపణ ఉంది గాని, దానిని పట్టించుకునేవారు తక్కువ.

మూడవదే నేడు అందరికీ తెలిసిన మార్గం. లోపలికి రావడం నిషిద్ధం, బయటికి వెళ్ళడం అనుమతం అన్నాం గదా. అలాగైతే ఎవరూ లోపలికి రానక్కర లేదు. లోపలి కంప్యూటర్ బయటికి వెళుతుంది. దూరాన ఉన్న మనిషి కూడా బయటికే వెళతాడు. ఇద్దరూ మధ్యలో ఒక మూడవ సంస్థ సత్రంలో కలుసుకుంటారు. 2005లో జర్మనీలో స్థాపితమైన టీమ్‌వ్యూయర్, అదే దేశానికి చెందిన ఎనీడెస్క్ వంటివి ఈ సూత్రం మీద నడుస్తాయి. ఫైర్‌వాల్‌లో ఒక్క రాయి కదపనవసరం లేదు. ఇంత సుఖమైనది గనుకనే ప్రమాదకరమైనది కూడా.

దొడ్డిదారిన వెళ్ళినవారు మూల్యం మరొక విధంగా చెల్లించుకుంటారు. హైదరాబాద్‌లో నొక్కిన మీట అమెరికా చేరి దాని ఫలితం తిరిగి తెరమీద కనిపించడానికి సవ్యమైన దారిలోనే పావు సెకను దాకా పడుతుంది. 2012 తర్వాత విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ ఈ బాధను తగ్గించడానికి, పోయిన ముక్క కోసం ఆగకుండా ముందుకు సాగే యూడీపీ పద్ధతిని వాడటం మొదలుపెట్టింది. కానీ కట్టుదిట్టమైన ఫైర్‌వాల్‌లు యూడీపీని మూసి ఉంచుతాయి. సొరంగంలో అయితే ఒక్క ముక్క దారి తప్పినా వెనకవన్నీ క్యూలో నిలబడతాయి. నొక్కిన అక్షరం రెండు సెకన్ల తర్వాత ప్రత్యక్షమయ్యే తెర ముందు రాత్రంతా కూర్చున్నవారికే ఆ యాతన తెలుస్తుంది.

ఢాకా నేర్పిన పాఠం

గోడ బలహీనంగా ఉంటే ఏమవుతుందో దక్షిణాసియాకు తెలియవచ్చినది 2016 ఫిబ్రవరిలో. బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకుకు న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌లో ఉన్న ఖాతా నుంచి డబ్బు పంపవలసిందిగా 4, 5 తేదీలలో 35 ఆదేశాలు వెళ్ళాయి. వాటి మొత్తం విలువ 95 కోట్ల 10 లక్షల డాలర్లు. ఆదేశాలు పంపింది బ్యాంకు అధికారులు కాదు. నెలల తరబడి బ్యాంకు కంప్యూటర్లలో చొరబడి పొంచి ఉన్న దొంగలు. గురువారం రాత్రి ముహూర్తం పెట్టుకోవడంలో వారి నేర్పు కనిపిస్తుంది. మరునాడు శుక్రవారం ఢాకాలో సెలవు, ఆపైన శని, ఆదివారాలు న్యూయార్క్‌లో సెలవు. ఎక్కువ ఆదేశాలను ఫెడరల్ రిజర్వ్ నిలిపివేసింది. శ్రీలంకకు పంపిన రెండు కోట్ల డాలర్లు గ్రహీత పేరులో 'ఫౌండేషన్' అన్న మాటకు స్పెల్లింగ్ తప్పు రాసిన కారణంగా పట్టుబడ్డాయి. ఎనిమిది కోట్ల పది లక్షల డాలర్లు మాత్రం ఫిలిప్పీన్స్ చేరి అక్కడి జూదశాలల్లో కలిసిపోయాయి. ఈ కేసులో ఉత్తర కొరియా జాతీయుడొకరిపై 2018లో అమెరికా న్యాయశాఖ అభియోగం మోపింది.

ఆ దేశపు కేంద్ర బ్యాంకు నెట్‌వర్క్‌కు ఫైర్‌వాల్ లేదని, పది డాలర్ల విలువైన పాత స్విచ్‌లతో కంప్యూటర్లను కలిపారని బంగ్లాదేశ్ పోలీసు దర్యాప్తు అధికారి ఒకరు రాయిటర్స్ వార్తాసంస్థకు చెప్పారు. విదేశీ చెల్లింపుల వ్యవస్థను దేశీయ చెల్లింపుల వ్యవస్థతో అనుసంధానించిన సాంకేతిక నిపుణులు, పని ముగిశాక దూరం నుంచి ప్రవేశించే దారిని సరిగా మూయకుండా వదిలి వెళ్ళారన్నది పోలీసుల మరొక ఆరోపణ. స్విఫ్ట్ సంస్థ ఈ ఆరోపణను తిరస్కరించింది. ఎవరిది తప్పయినప్పటికీ, పని సౌకర్యం కోసం తెరిచే దారి పని ముగిశాక కూడా ఉండిపోతుందన్న భయం నిరాధారమైనది కాదు. ఏ నెట్‌వర్క్‌ను తనిఖీ చేసినా ఎప్పుడో మానేసిన ప్రాజెక్టు కోసం, ఎప్పుడో వెళ్ళిపోయిన ఉద్యోగి కోసం తెరిచిన ద్వారాలు కనిపిస్తూనే ఉంటాయి.

మన దేశం అనుభవం కూడా చెప్పుకోదగినదే. 2019లో కూడంకుళం అణు విద్యుత్కేంద్రంలో పరిపాలన పనులకు వాడే ఒక కంప్యూటర్‌లో హానికర ప్రోగ్రామ్ ప్రవేశించినట్టు అణు విద్యుత్ సంస్థ అక్టోబర్ 30న అంగీకరించింది. రియాక్టర్లను నడిపే కీలకమైన నెట్‌వర్క్ దానితో సంబంధం లేకుండా విడిగా ఉన్నందున ముప్పు లేదని ప్రకటించింది. 2022 నవంబర్ 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పరిస్థితి అందుకు భిన్నం. అయిదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం దుండగుల తాళం పడి బందీ అయింది. రోగులు చీటీల కోసం బారులు తీరవలసి వచ్చింది. ఆసుపత్రి నెట్‌వర్క్‌ను సక్రమంగా విభజించకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. అంటే వాడ మధ్య గోడ లేదు. ఒక కొంపకు అంటుకున్న నిప్పు వాడంతా పాకింది.

ఇక నేరుగా రిమోట్ డెస్క్‌టాప్ విషయం. 2019 మే 14న మైక్రోసాఫ్ట్ ఒక తీవ్రమైన లోపాన్ని సవరించింది. 'బ్లూకీప్' అని పేరుపడిన ఆ లోపం ద్వారా పాస్‌వర్డ్ కూడా అవసరం లేకుండా పాత విండోస్ కంప్యూటర్లలోకి చొరబడవచ్చు. అప్పటికి మద్దతు నిలిపివేసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ సవరణ ఇచ్చిందంటే తీవ్రతను ఊహించవచ్చు. ఆ నెలాఖరుకు ప్రపంచవ్యాప్తంగా దాదాపు పది లక్షల యంత్రాలు ఈ లోపంతో ఇంటర్నెట్‌లో బహిరంగంగా నిలబడి ఉన్నట్టు ఒక పరిశోధకుని గాలింపులో తేలింది. 3389ను బజారు వైపు తెరిచి పెట్టడం వీధి గుమ్మంలో బీరువా పెట్టుకోవడమే.

సామాన్యుడికి ఈ వ్యవహారం తెలిసివచ్చింది మరో రూపంలో. 'మీ కేవైసీ గడువు ముగిసింది, ఈ యాప్ వేసుకోండి, దానిలో కనిపించే తొమ్మిది అంకెలు చెప్పండి' అంటూ బ్యాంకు అధికారి గొంతుతో ఫోన్ వస్తుంది. అంకెలు చెప్పిన మరుక్షణం ఆ సెల్‌ఫోన్ తెర ఎక్కడో ఉన్న మోసగాని ముందు ప్రత్యక్షమవుతుంది. ఎనీడెస్క్ ద్వారా జరిగే ఇటువంటి మోసాల గురించి రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. కంపెనీల ఫైర్‌వాల్‌ను దాటించడానికి ఉపయోగపడిన సత్రమే పింఛనుదారు పొదుపును దోచడానికీ పనికివచ్చింది.

సర్కారు సడలింపులు, నిబంధనలు

లాక్‌డౌన్ నాటికి వద్దాం. అప్పటికి కాల్‌సెంటర్లు, ఇతర సేవా సంస్థలు టెలికాం శాఖ వద్ద నమోదు చేసుకోవలసి ఉండేది. ఉద్యోగిని ఇంటి నుంచి పనిచేయించాలంటే కోటి రూపాయల పూచీకత్తు కట్టాలి. పైగా అధీకృత టెలికాం కంపెనీ ఇచ్చే ప్రత్యేక వీపీఎన్ మాత్రమే వాడాలి. ఆ పద్ధతిలో ఇంటి నుంచి పనికి ముందుకు వచ్చిన సంస్థలు అరుదు. 2020 మార్చి 13న టెలికాం శాఖ పూచీకత్తును రద్దు చేసి, సంస్థలు తమ సొంత వీపీఎన్‌లను వాడుకోవడానికి అనుమతించింది. ఏప్రిల్ నెలాఖరు వరకని ఇచ్చిన సడలింపు పొడిగింపుల మీద పొడిగింపులు పొందింది. అదే ఏడాది నవంబర్ 5న రిజిస్ట్రేషన్ విధానాన్నే ఎత్తివేశారు. 2021 జూన్‌లో నిబంధనలను మరింత సరళీకరించారు. ఇరవై ఏళ్ళుగా పరిశ్రమ మొరపెట్టుకున్నా కదలని వ్యవస్థను ఒక వైరస్ పది రోజుల్లో కదిలించింది.

విదేశీ ఖాతాదారుల అనుమతి తీసుకోవడం అంతకంటే కష్టమైంది. ఒప్పందాలలో ఫలానా భవనం, ఫలానా అంతస్తు అని రాసి ఉన్నప్పుడు ప్రతి ఖాతాదారు నుంచీ విడివిడిగా సమ్మతి పత్రం రావాలి. బరువైన డెస్క్‌టాప్ కంప్యూటర్లను వ్యాన్లలో వేసి ఉద్యోగుల ఇళ్ళకు చేరవేసిన సంస్థలున్నాయి. దేశంలో అతిపెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ టీసీఎస్ కొద్ది వారాలలోనే 90 శాతానికి పైగా ఉద్యోగులను ఇళ్ళ నుంచి పనిచేయించగలిగింది. చిన్న కంపెనీలకు అంత స్తోమత లేదు. వాటిలో కొన్ని 3389ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి, దేవుడి మీద భారం వేశాయి. ఆ నెలల్లో రిమోట్ డెస్క్‌టాప్ పాస్‌వర్డ్‌లను ఊహించి చొరబడే ప్రయత్నాలు ప్రపంచమంతటా విపరీతంగా పెరిగాయని భద్రతా సంస్థలు నివేదించడంలో ఆశ్చర్యం లేదు.

చట్టం దృష్టిలో దొడ్డిదారికి మన్నన లేదు. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లో ప్రవేశించడం 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ కింద నష్టపరిహారానికి దారితీస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా. ఖాతాదారు పని తొందరగా ముగించాలన్న సదుద్దేశంతో సొరంగం తవ్విన ఇంజనీరు జైలుకు వెళ్ళకపోవచ్చు. ఉద్యోగం మాత్రం పోగొట్టుకోవచ్చు. అతని కంపెనీ ఒప్పందాన్నే పోగొట్టుకోవచ్చు. 2022 ఏప్రిల్ 28న ప్రభుత్వ కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం దాడి జరిగితే ఆరు గంటల్లోగా తెలియజేయాలి. రాకపోకల చిట్టాలను 180 రోజులపాటు భద్రపరచాలి. ప్రజలకు వీపీఎన్ సేవలు విక్రయించే కంపెనీలు ఖాతాదారుల వివరాలను అయిదేళ్ళు దాచాలన్న నిబంధనను నిరసిస్తూ కొన్ని విదేశీ కంపెనీలు తమ సర్వర్లను భారత్ నుంచి తరలించుకుపోయాయి. సంస్థలు తమ ఉద్యోగుల కోసం నడుపుకునే వీపీఎన్‌లకు ఈ నిబంధన వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు.

సింహద్వారం ఎక్కడ?

సక్రమమైన దారులు లేకపోలేదు. 2008లోనే మైక్రోసాఫ్ట్ తన సర్వర్‌లో గేట్‌వే అనే ఏర్పాటు చేసింది. బయటివారందరూ 443 ద్వారా ఆ ఒక్క గేట్‌వే దగ్గరికే వస్తారు. ఎవరు, ఏ యంత్రానికి, ఏ వేళలో అన్నది అక్కడ తేలిన తర్వాతే లోపలికి దారి. పాస్‌వర్డ్‌తో పాటు సెల్‌ఫోన్‌కు వచ్చే రెండో గుర్తు కూడా అడగవచ్చు. విచిత్రమేమంటే ఇది కూడా సొరంగమే. తవ్వినది యజమాని, చిట్టా రాసేది యజమాని అన్నదే తేడా. బ్యాంకులు మరో అడుగు ముందుకు వేసి మధ్యలో ఒక మజిలీ కంప్యూటర్‌ను ఉంచి, దాని మీద జరిగే ప్రతి కదలికనూ వీడియోలా రికార్డు చేస్తున్నాయి.

అసలు గోడ అనే భావనే పాతబడిందనే వారూ ఉన్నారు. చైనా నుంచి 2009లో జరిగిన దాడి తర్వాత గూగుల్ సంస్థ తన ఉద్యోగులకు లోపల, బయట అన్న భేదం లేకుండా ప్రతి ప్రవేశానికీ మనిషినీ, యంత్రాన్నీ పరీక్షించే విధానాన్ని రూపొందించుకుంది. ఎవరినీ ముందుగా నమ్మరాదన్న ఈ పద్ధతి ఇప్పుడొక పెద్ద వ్యాపారం. ఆ రంగంలో పేరొందిన జీస్కేలర్ సంస్థ స్థాపకుడు జయ్ చౌదరి హిమాచల్ ప్రదేశ్‌లోని ఒక పల్లెటూరి రైతు కుటుంబం నుంచి వెళ్ళినవాడే. అయితే ఈ సరుకు ఖరీదైనది. జిల్లా సహకార బ్యాంకులు, చిన్న ఆసుపత్రులు దానిని కొనగల స్థితిలో లేవు. అవి నేటికీ పది డాలర్ల స్విచ్‌కు ఎంతో దూరంలో లేవన్నది చేదు నిజం.

భద్రతా విభాగాలు ఒక విషయం గ్రహించడం అవసరం. సింహద్వారం దగ్గర మూడు వారాలు నిలబెడితే దొడ్డి గోడ దూకేవారి సంఖ్య పెరుగుతుంది. అర్ధరాత్రి అత్యవసరానికి గంటలో అనుమతి ఇచ్చి, తెల్లవారగానే తనంతట తాను మూసుకుపోయే ద్వారాన్ని ఏర్పాటు చేయడం నేటి సాంకేతిక పరిజ్ఞానానికి కష్టమేమీ కాదు. ఆ సమయంలో సంతకం పెట్టే అధికారి మేలుకొని ఉండటమే కష్టం.

ఇదిలావుండగా, మధ్యవర్తి సత్రాలు కూడా దొంగల కన్నుపడకుండా ఉండలేదు. తమ ప్రధాన వ్యవస్థలలో చొరబాటు జరిగిందని ఎనీడెస్క్ 2024 ఫిబ్రవరిలో ప్రకటించి, భద్రతా ధ్రువపత్రాలను రద్దు చేసింది. తన వెబ్‌సైట్ ఖాతాల పాస్‌వర్డ్‌లన్నిటినీ మార్చింది. అదే ఏడాది జూన్‌లో టీమ్‌వ్యూయర్ అంతర్గత కార్యాలయ నెట్‌వర్క్‌లోకి ఒక ఉద్యోగి ఖాతా ద్వారా చొరబాటు జరిగింది. రష్యా గూఢచార ముఠా పని అని కంపెనీ ఆరోపించింది. ఖాతాదారులకు సేవలందించే వ్యవస్థలు కార్యాలయ నెట్‌వర్క్ నుంచి విడిగా, మధ్య గోడతో ఉన్నందువల్ల వాటికి హాని జరగలేదని ఆ సంస్థ తెలిపింది.